కొడితే పడతది: సైకిల్ ఫోర్కు మార్చుకునేవారికి ఉచిత సలహాలు

సైకిల్‌కు ఫోర్కు మార్చాల్సిన రోజు ఏదో ఒకనాడు ప్రతి ఇంటికీ వస్తుంది. పిల్లవాడు గుంతలోకి దింపుతాడు. లేదంటే క్యారియర్ మీద బియ్యం బస్తా వేసుకుని వస్తున్న ఆయనకు ముర్రేడు వాగు దగ్గర బర్రె అడ్డం వస్తుంది. ఫోర్కు వెనక్కి వంగి, ముందు చక్రం ఫ్రేముకు రాసుకుంటుంది. ఆ సాయంత్రం వాకిట్లో నలుగురు చేరతారు. నలుగురూ సలహాలిస్తారు. కొత్తగూడెంలో ఏళ్ల తరబడి చెలామణిలో ఉన్న ఆ సలహాల్లో మేలైనవి ఏరి ఇక్కడ రాస్తున్నాను. వీటిని తు.చ. తప్పకుండా పాటించినవారికి ఫోర్కు పని మళ్లీ మళ్లీ పడుతుంది. ఒక్కసారితో తీరిపోయే పనికి సలహాదారు ఎందుకు చెప్పండి?

ముందుగా, కొలవకండి.

కొలవడం అనుమానం ఉన్నవాళ్ల లక్షణం. నిజానికి ఇది ఫిట్టర్ల ఊరు, టర్నర్ల ఊరు. సింగరేణి కాలరీస్ 1920 డిసెంబర్ 23న కంపెనీగా ఏర్పడింది. దాని పెద్దాఫీసు ఇక్కడే, మెయిన్ వర్క్‌షాప్ ఇక్కడే. క్వార్టర్లలో ఏ వరస తీసుకున్నా వెర్నియర్ పట్టినవాళ్లు ఇద్దరు ముగ్గురు తేలతారు. డ్యూటీలో పంపు షాఫ్టుకు బేరింగ్ ఎక్కించేటప్పుడు ఆ మనిషి మిల్లీమీటరులో వందో వంతు దగ్గర ఇంజనీరుతో పేచీ పెట్టుకుంటాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, కొడుకు సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, మొదట అడిగేది సుత్తి. ఇందులో వైరుధ్యమేమీ లేదు. పంపు కంపెనీది, సైకిల్ సొంతానిది.

అయినా కొలవాలని చెయ్యి దురద పెట్టేవారి కోసం, ఏమేం కొలవకూడదో చెబుతాను. ఫోర్కు గొట్టం ఫ్రేము ముందున్న హెడ్ ట్యూబులోంచి పైకి వస్తుంది కదా. అది తేలిగ్గా తిరగడానికి కింద ఫోర్కు భుజం మీద ఒక రేసు, హెడ్ ట్యూబు రెండు చివర్లా దిగ్గొట్టిన రెండు కప్పులు, పైన త్రెడ్డు మీద తిరిగే ఇంకో రేసు, నాలుక ఉన్న వాషరు, లాక్‌నట్టు ఉంటాయి. మొత్తం ఆరు ఇనప ముక్కలు, రెండు వరుసల బాల్సు, అన్నీ కలిపి హెడ్‌సెట్టు. పాత తరహా సైకిళ్లలో ఫోర్కు గొట్టం మందం ఒక ఇంచి, అంటే 25.4 మిల్లీమీటర్లు. ఇంతవరకు దాదాపు అందరిదీ ఒకటే. ఇక్కడే మోసపోతాం, అంటే ఇక్కడే ధైర్యం వస్తుంది. గొట్టం ఒకటే అయినా, రేసు కూర్చునే భుజం కొన్ని ఫోర్కులకు 26.4, జపాన్ కొలతకు చేసినవాటికి 27 ఉంటుంది. కప్పులు కొన్నిటికి 30.2, జపాన్ తరహావి 30.0. ఒకచోట తేడా ఆరు పదోవంతులు, ఇంకోచోట రెండు పదోవంతులు. ఇంత చిన్న తేడాను కంటితో చూడలేం. కంటికి కనబడనిదాన్ని పట్టించుకోవడం చాదస్తం.

దుకాణంలో సంభాషణ ఇలా జరగాలి:

"అన్నా, ఈ రేసు దీనికి పడతదా?"

"ఎందుకు పడదు తమ్మీ? కొడితే పడతది."

పడుతుంది కూడా. 26.4 రేసును 27 భుజం మీద పెట్టి కొడితే రెండు రకాలుగా పడుతుంది. రేసు గట్టిపరిచిన ఉక్కు, సాగే గుణం తక్కువ. కాబట్టి అదృష్టం ఉంటే దెబ్బకే పగిలిపోతుంది, అప్పుడే తెలుస్తుంది. అదృష్టం లేకపోతే వెంట్రుకంత పగులుతో కూర్చుని, పాల్వంచ రోడ్డు మీద చీకట్లో తెలియజేస్తుంది. దీనికి విరుగుడు మందు ఆకురాయి. భుజాన్ని చేత్తో రాకి సన్నం చేయండి. చేత్తో రాకితే గుండ్రంగా రాదని ఫిట్టర్లు అంటారు. రేసు కోడిగుడ్డు ఆకారంలో ఉన్న భుజం మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, హ్యాండిల్ ఒక పక్క బిగుతుగా, ఇంకో పక్క వదులుగా తిరుగుతుంది. ఎడమకు తిప్పితే బరువు, కుడికి తిప్పితే తేలిక. మీ ఇల్లు కుడివైపు సందులో ఉంటే ఇది లాభమే.

తలకిందుల కేసు ఇంకా మజాగా ఉంటుంది. 27 రేసు, 26.4 భుజం. సుత్తి అవసరమే లేదు, చెయ్యి వదిలితే దిగిపోతుంది. అంత తేలిగ్గా దిగింది కనుక సరిపోయిందని నమ్మండి. వదులు మరీ ఎక్కువనిపిస్తే కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి ఆ రేకు చుట్టండి. ఆ రేకు మెత్తటి అల్యూమినియం. ముందు బ్రేకు కొట్టినప్పుడల్లా ఫోర్కు మీద పడే తోపు అంతా ఆ రేసు దగ్గరే తీరుతుంది. నాలుగు వారాలకు రేకు నలిగి పొడై, గ్రీజులో కలిసి, బాల్స్‌కు మంచి సానరాయిలా పనికొస్తుంది. అప్పుడు ఇంకో డబ్బా తాగొచ్చు.

కప్పులు దిగ్గొట్టేటప్పుడు సుత్తినే నమ్మండి. పొడవాటి బోల్టు, రెండు మందపాటి వాషర్లు, ఒక నట్టు తీసుకుని హెడ్ ట్యూబులోంచి దూర్చి, పానాతో మెల్లగా బిగిస్తూ రెండు కప్పులనూ తిన్నగా లోపలికి లాగే పద్ధతి ఒకటి ఉంది. ఖర్చు లేదు, సామాను ఏ ఇనప దుకాణంలోనైనా దొరుకుతుంది. అందుకే దాన్ని ఎవరూ గౌరవించరు. సుత్తితో అయితే కప్పు మొదట ఒక పక్క దిగుతుంది, తర్వాత రెండో పక్క కొడితే మొదటి పక్క లేస్తుంది, అలా ఊగుతూ ఊగుతూ హెడ్ ట్యూబు మూతిని వెడల్పు చేసి మరీ కూర్చుంటుంది. ఇకమీదట ఆ ఫ్రేములో ఏ కప్పూ బిగుతుగా నిలవదు. ఫోర్కు పాడైతే ఫోర్కు మారుస్తాం, ఫ్రేము పాడైతే సైకిల్ మారుస్తాం. వ్యాపారం నడవాలి కదా.

త్రెడ్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పెద్ద పెద్ద మేస్త్రీలు కూడా తడబడి నిజం చెప్పేసే చోటు ఇది.

ఒక ఇంచి ఫోర్కుల్లో ఎక్కువవాటికి ఇంచికి 24 చుట్లు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ రాలీ ఫ్యాక్టరీ మాత్రం తన సైకిళ్లకు ఇంచికి 26 పెట్టుకుంది. ఫ్రాన్సువాళ్లు ఇంచినే ఒప్పుకోలేదు, 25 మిల్లీమీటర్ల గొట్టం, మిల్లీమీటరుకు ఒక చుట్టు. మన నల్ల రోడ్‌స్టర్లు ఆ ఇంగ్లీషు సైకిళ్ల వంశమే. రాలీవాళ్లు సేన్‌లతో కలిసి బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ ఫ్యాక్టరీ నడిపారు, అదీ మనలాంటి బొగ్గు ఊరే. కాబట్టి తాతగారి సైకిల్ అటకమీంచి దింపినప్పుడు దాని త్రెడ్డు 24 కావచ్చు, 26 కావచ్చు. 24 అయితే చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.06 మిల్లీమీటర్లు, 26 అయితే 0.98. తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. అందుకే 26 నట్టును 24 ఫోర్కు మీద తిప్పితే మొదటి చుట్టు హాయిగా ఎక్కుతుంది. రెండోది కాస్త గునుస్తుంది. అక్కడ ఆగి, ఒక స్కేలు పెట్టి ఇంచికి ఎన్ని చుట్లో లెక్కపెట్టాలని పిరికివాళ్లంటారు. మీరు పైపు రెంచి అందుకోండి. పైపు రెంచికి తెలియని త్రెడ్డు లేదు. నాలుగో చుట్టుకి అది సొంతంగా కొత్త త్రెడ్డు కోసుకుంటుంది, అది 24 కాదు, 26 కాదు, పూర్తిగా మీది. ఆ నట్టు ఇక ఎప్పటికీ వదులు కాదు. ఎప్పటికీ ఊడదు కూడా. ఓవరాయిలింగ్‌కు ఇచ్చినప్పుడు మేస్త్రీ దాన్ని చూసి, మీ మొహం చూసి, ఆక్సా బ్లేడు తీసుకుంటాడు.

ఫోర్కు పొడవు విషయంలో ఒక్కటే సూత్రం: దొరికిందే పొడవు. పాత ఫోర్కు గొట్టం ఎంతుందో పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది కనుక అలా చూడకండి. హెడ్ ట్యూబు ఎత్తుకు కప్పులు, రేసులు, నట్టు తీసుకునే ఎత్తు కలిపితే గొట్టం ఎంత ఉండాలో వస్తుంది. కొత్తది పొట్టిగా ఉంటే పైన నట్టుకి ఒక్క చుట్టే దొరుకుతుంది. ఒక్కటి చాలు. పెళ్లికి మూడు ముళ్లు కావాలి గానీ నట్టుకి ఎందుకు? పైగా దాని కింద డైనమో లైటు బ్రాకెట్ కూడా పెట్టండి, అది ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు తింటుంది, ఆ ఒక్క చుట్టూ సగం అవుతుంది. లైటు చక్కగా వెలుగుతుంది. హ్యాండిల్ చేతిలోకి వచ్చేటప్పుడు దారి కనబడాలి కదా.

వాషరుకు లోపలివైపు చిన్న నాలుక ఉంటుంది. ఫోర్కు గొట్టం మీద పొడుగునా ఉన్న గాడిలో అది కూర్చోవాలి, అందువల్ల లాక్‌నట్టు బిగించినా వాషరు కిందున్న త్రెడ్డు రేసు దానితో పాటు తిరగదు. కొత్త వాషరు నాలుక పాత ఫోర్కు గాడికి పట్టకపోతే నాలుకను రాకేయండి. బిగించేటప్పుడు కూడా ఒక్క పానాయే వాడండి. రెండు పానాలు పట్టి, కిందిదానితో రేసును కదలకుండా ఆపి, పైదానితో నట్టు బిగించేవాడికి పని తొందరగా అయిపోతుంది. ఒక్క పానా మనిషికి నట్టు బిగించిన ప్రతిసారీ రేసు కూడా తిరిగి బిగుసుకుంటుంది, మళ్లీ వదులు చేస్తాడు, మళ్లీ బిగిస్తాడు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి మొదలుపెడితే రెండో షిఫ్టు వదిలేదాకా కాలక్షేపం.

ఎంత బిగించాలి? సాధ్యమైనంత. బాగా బిగించిన హెడ్‌సెట్టు సైకిల్‌ను తాగినవాడి నడకలా నడిపిస్తుంది, తిన్నగా పోవడానికి హ్యాండిల్ దానంతట అది సర్దుకోలేదు కాబట్టి ప్రతి గజానికీ మీరే సర్దాలి. ఇది చేతులకు వ్యాయామం. వదులుగా వదిలేస్తే ముందు బ్రేకు కొట్టినప్పుడల్లా టక్కుమని శబ్దం వస్తుంది, దాన్ని బెల్లుగా వాడుకోవచ్చు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపి, వేలు కింది కప్పు దగ్గర పెట్టి కదలిక ఉందో లేదో చూసే పరీక్ష అర నిమిషం కూడా పట్టదు. అంత తక్కువ సమయంలో తేలే పరీక్ష మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది?

బాల్సు ఎన్ని పడితే అన్ని వేయండి. ఒక్క బాలు పట్టేంత ఖాళీ వదలాలని పద్ధతి తెలిసినవాళ్లు అంటారు, లేకపోతే అవి ఒకదాన్నొకటి తోసుకుని పైకెక్కుతాయట. ఖాళీ కనబడితే ఇంకోటి కుక్కేయడమే మన సంప్రదాయం, షేర్ ఆటోల్లో కూడా ఇదే చేస్తాం. రెండు కింద పడిపోతే పాత డబ్బాలోంచి తీసి కలపండి. 5/32 ఇంచి బాల్స్‌లో ఒక 3/16 కలిస్తే మొత్తం బరువంతా ఆ ఒక్క పెద్దదే మోస్తుంది. మిగతావి విశ్రాంతి తీసుకుంటాయి. కేజ్‌తో వచ్చిన బాల్స్‌ను తిప్పి పెట్టండి, రేకు కప్పుకు రాసుకుంటూ కిర్రుమంటుంది, సైకిల్ వస్తోందని ఇంట్లోవాళ్లకు ముందే తెలుస్తుంది.

గ్రీజు వద్దు. గ్యాసునూనెతో కడిగి అలాగే వదిలేయండి. కొత్తగూడెం వానాకాలంలో బొగ్గుపొడి, బురద, ముందు చక్రం ఎగజిమ్మే నీళ్లు తిన్నగా వెళ్లి చేరేది కింది కప్పులోకే. నల్లగా, జిగటగా, చూడటానికి గ్రీజులాగే ఉంటుంది. కంపెనీ పుణ్యమా అని ఉచితం.

కొన్నాళ్లకు హ్యాండిల్ నట్టనడుమ టక్కున ఆగడం మొదలవుతుంది, కాస్త బలం పెడితే గానీ పక్కకు తిరగదు. రోడ్డు గుంతల దెబ్బలకు బాల్సు కప్పులో గుంటలు కొట్టాయని అందరూ తీర్మానిస్తారు, మున్సిపాలిటీని తిడతారు. అసలు సంగతి మున్సిపాలిటీకి అనుకూలంగా ఉంది కనుక బయట చెప్పకండి. సైకిల్ ఎక్కువసేపు తిన్నగానే పోతుంది, బాల్సు కప్పులో ఒకే చోట నిలబడి, ఉన్నచోటే సన్నగా కంపిస్తూ కింది గ్రీజును పక్కకు నెట్టేస్తాయి. అప్పుడు ఉక్కు ఉక్కుతో రాసుకుని, రోజూ ఇంచుమించు అదే చోట, బాలంత గుంటలు అరుగుతాయి. కేజ్ తీసేసి విడి బాల్సు వేస్తే వాటి వరస మారి పాత గుంటలకు సరిపడదు, కప్పులు మార్చేదాకా కొన్నాళ్లు నడుస్తుంది. ఇది రెండు టీల ఖర్చు. అందుకే వద్దు. నట్టనడుమ ఆగే హ్యాండిల్‌ను సదుపాయంగా ప్రచారం చేయండి. అమ్మేటప్పుడు, "చేతులు వదిలినా తిన్నగా పోతది" అనండి. నిజానికి చేతులు వదిలితే పడేది ఆ సైకిలే, కానీ కొనేవాడు అంగట్లో చేతులు వదిలి చూడడు.

ఇప్పటి పిల్లలకు ఒక ప్రత్యేక సలహా. తాతగారి నల్ల సైకిల్‌కు గేర్ సైకిల్ షాక్ ఫోర్కు పెట్టించాలని పట్టుబట్టండి. 1990ల మొదట్లో డయా-కాంప్ కంపెనీ త్రెడ్డు లేని హెడ్‌సెట్టును బజారులోకి తెచ్చింది, తర్వాత ఖరీదైన సైకిళ్లన్నీ అటే పోయాయి. ఆ ఫోర్కు గొట్టం 28.6, దాని కప్పులు 34. తాతగారి ఫ్రేములో పట్టేది 30. నాలుగు మిల్లీమీటర్లే తక్కువ. గ్రైండర్ ఉంది. అంత రుద్దితే హెడ్ ట్యూబు మిగలదంటారు, 28 ఇంచీల చక్రం ఆ ఫోర్కులో దూరదంటారు, రాడ్ బ్రేకులు తగిలించే చోటే లేదంటారు. ఇవన్నీ ఈర్ష్య మాటలు. ఇక ఆ త్రెడ్డు లేని రకమే మీకు సొంతంగా ఉంటే, పైమూత బోల్టే ఫోర్కును పట్టుకుని ఉందని నమ్మి దాన్ని బలంకొద్దీ బిగించండి, హ్యాండిల్ పక్క బోల్టులు మాత్రం మర్చిపోండి. పైమూత చేసే పని బాల్స్‌లో వదులు తీయడమే, ఫోర్కును పట్టి ఉంచేది పక్క బోల్టులు. ముందు పైది సర్ది, తర్వాత పక్కవి బిగించాలి. వరస తలకిందులైతే ఎంత బిగించినా వదులు పోదు.

బ్రాండు గురించి గట్టిగా ఉండండి. సైకిల్ మీద ఏ బొమ్మ ఉంటే ఫోర్కు మీదా ఆ బొమ్మే ఉండాలి. మద్రాసు టీఐ సైకిల్స్ 1949లో, సోనీపట్ అట్లాస్ 1951లో, లూథియానా హీరో 1956లో మొదలయ్యాయి. వీళ్లలో అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, పని ఆపేసింది. కాబట్టి అట్లాస్ సైకిల్‌కు అట్లాస్ ఫోర్కే కావాలని సూపర్‌బజార్ సెంటర్ నుంచి ఖమ్మం దాకా దుకాణం దుకాణం తిరగండి. పేరు లేని లూథియానా ఫోర్కు అదే త్రెడ్డు, అదే భుజం, అదే పొడవుతో మీ వీధి చివరే వేలాడుతూ ఉంటుంది. దానివైపు చూడకండి, దాని మీద బొమ్మ లేదు.

బరువు మోయడంపై సందేహాలుంటే జార్ఖండ్ బొగ్గు సైకిళ్లను తలచుకోండి. ఒక్కో సైకిల్ మీద రెండు వందల కిలోల పైన బొగ్గు బస్తాలు వేలాడదీసుకుని మైళ్లకు మైళ్లు తోసుకుపోతారు. అది మోస్తే మనది మోయదా? వాళ్లు ముందే ఫోర్కుకు అదనపు రాడ్లు కట్టించుకుంటారని, ఎక్కి తొక్కకుండా పక్కన నడుస్తూ తోస్తారని మధ్యలో ఎవరైనా అడ్డు తగిలితే, ఆ మనిషికి బొగ్గు గురించి ఏమీ తెలియదని చెప్పండి.

చివరి సలహా, ఇది మాత్రం తప్పకుండా పాటించండి. విప్పిన రోజే పాత ఫోర్కును, పాత కప్పులను, రేసును, నట్టును తుక్కువాడికి తూకం వేసి అమ్మేయండి. ఇంట్లో ఉంచితే ఎవరో ఒకరు వాటిని సంచిలో వేసుకుని దుకాణానికి పట్టుకెళ్తారు. కొత్త ఫోర్కు పక్కన పాతది నిలబెడతారు, పాత నట్టును కొత్త త్రెడ్డు మీద చేత్తో తిప్పి చూస్తారు, పక్కింటి ఫిట్టరు దగ్గర వెర్నియర్ అరువు తెచ్చి భుజం కొలుస్తారు. అప్పుడు అన్నీ కొట్టకుండానే పడతాయి, ఇక మా సలహాలు వినేవాడు ఈ ఊళ్లో మిగలడు.